పనోరమా, హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకున్నా: గండికోట లోయ, రామప్ప మండపం కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక హోటల్ లాబీకి రెండు పెద్ద ప్రింట్లు కావాలన్నారు. ఒక గోడకి గండికోట లోయ, 12 అడుగుల వెడల్పు 6 అడుగుల ఎత్తు, ఎదురు గోడకి రామప్ప గుడి రంగమండపం లోపలి వ్యూ, అది కొంచెం చిన్నది. రెండూ ఒక్క షాట్‌లో అయ్యేవి కావు. మొదటిది వెడల్పు సమస్య, రెండోది వెలుతురు సమస్య. అంటే ఒకదానికి పనోరమా (చాలా ఫ్రేములు పక్కపక్కన అతికించడం), ఇంకోదానికి పనోరమాతో పాటు హెచ్‌డీఆర్ (వేరువేరు ఎక్స్‌పోజర్లలో తీసిన ఫొటోల్ని ఒకటిగా కలపడం) కూడా. ఈ పని కోసం ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో తేల్చుకోడానికి నేను ఏమేం చూశానో మొత్తం రాస్తున్నా, ఎందుకంటే ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, ఒక్క పేరు చెప్పి వదిలేస్తే వాళ్ళకి పెద్దగా ఉపయోగం ఉండదు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తా. ఫీచర్ల లిస్టు పక్కన పెట్టుకుని సాఫ్ట్‌వేర్ ఎంచుకోకండి. మీ ఫొటోల్లో అన్నిటికంటే కష్టమైన అతుకు ఎక్కడుందో వెతకండి, ఆటోమేటిక్‌గా అది అతకనప్పుడు మనం చెయ్యి పెట్టి సరిచేసుకునే దారి ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉందో చూడండి. ఈజీ ఫొటోలు అన్నిట్లోనూ బాగానే అతుకుతాయి, వాటితో టెస్ట్ చేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

గండికోటలో కష్టమైన అతుకు ఏదో షూట్‌కి ముందే తెలుసు. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన చోటు అది, జమ్మలమడుగు దాటి కోట లోపలికి వెళ్ళి లోయ అంచుకి వస్తే కాళ్ళ దగ్గరే పెద్ద పెద్ద ఎర్ర బండలు, వాటి వెనకాల లోతు, అవతల గోడ ఎక్కడో దూరంగా. ఆ దగ్గరి బండలు ఫ్రేమ్‌లో లేకపోతే లోయ లోతు కళ్ళకి ఆనదు, ఉత్త ఎర్ర గోడలా కనిపిస్తుంది. కాబట్టి బండ కావాల్సిందే. కానీ బండ ఉందంటే పారలాక్స్ కూడా ఉన్నట్టే, అంటే కెమెరా కొంచెం జరిగినా దగ్గరి వస్తువు దూరంవాటికంటే ఎక్కువ జరిగినట్టు కనిపిస్తుంది.

ఇది లెక్క వేసి చూస్తే బాగా అర్థమవుద్ది. నా కెమెరా 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్, 50 ఎంఎం లెన్స్, నిలువుగా పెట్టి ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 19 డిగ్రీలు తిప్పుకుంటూ వెళ్తే 30 శాతం ఓవర్‌ల్యాప్ వస్తుంది. కెమెరాని మామూలుగా ట్రైపాడ్ మీద బిగిస్తే తిరిగే ఇరుసు బాడీ కింద ఉంటుంది, లెన్స్ ఎంట్రన్స్ ప్యూపిల్ (లెన్స్ దృశ్యాన్ని చూసే బిందువు) దానికి ముందుంటుంది, ఆ తేడా 8 సెంటీమీటర్లు అనుకుందాం. 19 డిగ్రీలు తిప్పేసరికి ఆ ప్యూపిల్ రెండున్నర సెంటీమీటర్లకి కొంచెం పైనే జరుగుద్ది. మీటర్ దూరంలో ఉన్న బండ మీద అది 200 పిక్సెల్స్‌కి పైనే తేడా. 50 మీటర్ల దూరంలో ఉన్నదానికి నాలుగు పిక్సెల్స్. 500 మీటర్ల అవతల గోడకి అర పిక్సెల్ కూడా కాదు. దగ్గర్లో ఏమీ లేని కొండల ఫొటోలు చేత్తో పట్టుకుని తీసినా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కూడా చక్కగా అతికేది ఇందుకే, అదే కెమెరాతో గది లోపల తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ అతికించలేకపోయేదీ ఇందుకే. 200 పిక్సెల్స్ తేడాని ఏ బ్లెండింగూ దాచలేదు, మహా అయితే బండని మసకగా చేసి పెడుద్ది.

అందుకని నోడల్ స్లైడ్ (ట్రైపాడ్ మీద కెమెరాని ముందుకీ వెనక్కీ జరిపే పట్టీ) మీద కెమెరాని వెనక్కి జరిపి, ఎంట్రన్స్ ప్యూపిల్ సరిగ్గా ఇరుసు మీదకి వచ్చేలా పెట్టుకున్నా. దీనికి పెద్ద సామాను ఏమీ అక్కర్లేదు, దగ్గర్లో ఒక సన్న కర్ర నిలబెట్టి దూరంగా ఉన్న స్తంభం దాని వెనక దాక్కునేలా చూసుకుని కెమెరాని కుడికీ ఎడమకీ తిప్పితే రెండూ విడిపోకుండా ఉండాలి, విడిపోతే ముందుకో వెనక్కో జరపాలి, కుదిరాక స్లైడ్ మీద టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకోవాలి. జూమ్ లెన్స్ అయితే ఫోకల్ లెంగ్త్ మారినప్పుడల్లా ఈ పాయింట్ మారుద్ది, అందుకే ఇలాంటి పనికి ప్రైమ్ లెన్సే మేలు. ఇంత చేసినా మిల్లీమీటర్లలో తప్పు మిగులుద్ది, పైగా లోయ అంచున గాలి. సాఫ్ట్‌వేర్ పని ఇక్కడే మొదలవుద్ది.

రెండు వరసలు, ఒక్కో వరసకి ఏడు ఫ్రేములు. ఎఫ్ 11, ఐఎస్ఓ 100, ఎక్స్‌పోజరూ ఫోకసూ వైట్‌బ్యాలెన్సూ అన్నీ మాన్యువల్. పోలరైజర్ తీసేశా, ఎందుకంటే సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఆకాశం ఎక్కువగా పోలరైజ్ అయి ఉంటుంది, వెడల్పు పనోరమాలో అక్కడ ఒక్కచోటే నీలం ముదిరిపోయి మచ్చలా వస్తుంది, తర్వాత దాన్ని తీయడం చాలా కష్టం. ఇక్కడ హెచ్‌డీఆర్ కోసం బ్రాకెటింగ్ (ఒకే ఫ్రేమ్‌ని వేరువేరు ఎక్స్‌పోజర్లలో) తీశా గానీ వాడలేదు. సూర్యుడు ఫ్రేమ్‌లో లేకపోతే ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ రా ఫైల్ (సెన్సర్ నుంచి నేరుగా వచ్చే డేటా) ఒక్కటే ఆకాశాన్నీ నీడనీ రెండిట్నీ మోస్తుంది. అవసరం లేని చోట హెచ్‌డీఆర్ చేస్తే మబ్బులు కదిలినచోట, గడ్డి ఊగినచోట కొత్త తలనొప్పులు తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ల సంగతి. నేను ఈ ఫొటోలు పట్టుకుని చూసినవి లైట్‌రూమ్ క్లాసిక్, హ్యూగిన్, పీటీగుయి ప్రో. ఆటోపానో ఒకప్పుడు చాలామంది వాడేవాళ్ళు, దాన్ని చేసిన కోలర్ కంపెనీని 2015లో గోప్రో కొనేసింది, 2018లో మూసేశారు, కాబట్టి ఇప్పుడు కొత్తగా దాని వైపు వెళ్ళే పని లేదు. మైక్రోసాఫ్ట్ ఐసీఈ కూడా అంతే, వాడ్డం చాలా తేలిక, కానీ డెవలప్‌మెంట్ ఆగిపోయి మైక్రోసాఫ్ట్ సైట్‌లోంచి తీసేశారు. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అది బతికి ఉందా లేదా అనేది కూడా చూడాలి, అయిదేళ్ళ తర్వాత క్లయింట్ వచ్చి అదే ఫొటో వేరే సైజులో అడిగితే ప్రాజెక్ట్ ఫైల్ తెరుచుకోవాలి కదా.

లైట్‌రూమ్‌లో పనోరమా మెర్జ్ 2015లో వచ్చింది. దాని పెద్ద బలం ఏంటంటే ఫలితం డీఎన్‌జీగా ఇస్తుంది, అంటే అతికించాక కూడా వైట్‌బ్యాలెన్స్, హైలైట్స్ అన్నీ రా ఫైల్‌లాగే మార్చుకోవచ్చు. బౌండరీ వార్ప్ స్లైడర్ కూడా మంచిదే, అంచుల్లో వంకరగా మిగిలే ఖాళీని లాగి నింపుద్ది. సైజు పరిమితి పొడవు వైపు 65,000 పిక్సెల్స్, మొత్తం 512 మెగాపిక్సెల్స్, మన పనికి అది ఎక్కువే. దగ్గర్లో ఏమీ లేకుండా తీసిన లోయ ఫొటోలకి నేను ఇప్పటికీ లైట్‌రూమే వాడతా, వేరే ఆలోచనే ఉండదు. కానీ కంట్రోల్ పాయింట్లు (పక్కపక్క ఫ్రేముల్లో ఒకే చోటు అని గుర్తించిన బిందువులు) మనకి చూపించదు, అతుకు ఎక్కడ పడాలో చెప్పే మాస్క్ ఉండదు, ప్రొజెక్షన్లు (వెడల్పు వ్యూని చదునుగా పరిచే పద్ధతులు) మూడే. ఈ బండ ఉన్న ఫ్రేములకి కంట్రోల్ పాయింట్లూ మాస్కూ నాకు కావాల్సిందే.

హ్యూగిన్ ఫ్రీ, ఓపెన్‌సోర్స్. దీనికీ పీటీగుయికీ మూలం ఒకటే, హెల్ముట్ డెర్ష్ అనే జర్మన్ ప్రొఫెసర్ 1990ల చివర్లో రాసిన పనోరమా టూల్స్. కాబట్టి హ్యూగిన్ ఫ్రీ కదా అని తక్కువగా చూడకండి, జామెట్రీ విషయంలో అది చాలా గట్టిది. కంట్రోల్ పాయింట్లు ఒక్కోటి తెరిచి చూడొచ్చు, మబ్బుల మీద పడిన పాయింట్లని ఏరేసే సెలెస్టీ అనే టూల్ ఉంది, మాస్క్‌లు ఉన్నాయి, ప్రొజెక్షన్లు బోలెడు. దాంతో ఇబ్బంది ఏంటంటే టైమ్. ఇంటర్‌ఫేస్‌లో ఏది ఎప్పుడు నొక్కాలో అలవాటు కావడానికి వారాలు పడుద్ది, పెద్ద ఫైల్ అయితే చిన్న మార్పు చేసి మళ్ళీ రెండర్ చేసేసరికి చాలాసేపు కూర్చోవాలి. స్టూడెంట్‌కో, ఏడాదికి నాలుగు పనోరమాలు చేసేవాళ్ళకో ఇదే చెప్తా. డెడ్‌లైన్ ఉన్న కమర్షియల్ పనికి మాత్రం డబ్బు పెట్టి టైమ్ కొనుక్కోవడమే నయం.

పీటీగుయిలో మామూలుది, ప్రో అని రెండు వెర్షన్లు. మాస్కింగ్, వ్యూపాయింట్ కరెక్షన్ (కెమెరా చోటు మారి తీసిన ఫ్రేముని సరిచేయడం), హెచ్‌డీఆర్ ప్రోలోనే ఉన్నాయి, ధర కూడా బాగా ఎక్కువ. కొనేముందు ట్రయల్ వెర్షన్ దించుకోండి, అవుట్‌పుట్ మీద వాటర్‌మార్క్ వేస్తుంది, కానీ మీ అతుకు కుదిరిందో లేదో చూసుకోడానికి అది అడ్డం కాదు.

బండ దగ్గర నేను చేసిన పని కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఎంపిక తేలింది ఇక్కడే. పీటీగుయి ప్రోలో ఆటోమేటిక్ అలైన్‌మెంట్ అయ్యాక కంట్రోల్ పాయింట్ టేబుల్ తెరిచి, దూరం (అతికించాక ఒకే పాయింట్‌కి రెండు ఫ్రేముల మధ్య మిగిలిన తేడా) ఎక్కువున్నవి పైకి వచ్చేలా సార్ట్ చేశా. పైన ఉన్నవి దాదాపు అన్నీ మూడు చోట్లే, లోయ కింద నీళ్ళ మీద మెరుపులు, మబ్బులు, అంచున కూర్చున్న జనం. నీళ్ళు కదుల్తాయి, మబ్బులు కదుల్తాయి, మనుషులు కదుల్తారు, కాబట్టి అవి అబద్ధపు పాయింట్లు, మొత్తం తీసేశా. తర్వాత బండ మీద ఉన్న పగుళ్ళు చూసి, పక్కపక్క ఫ్రేముల్లో అదే పగులు మూలని చేత్తో క్లిక్ చేసి కొత్త పాయింట్లు పెట్టా. అవతల గోడ మీద ఎలాగూ బోలెడు పాయింట్లు ఉన్నాయి, బండ మీద తక్కువ ఉంటే ఆప్టిమైజర్ (పాయింట్లు చూసి ఫ్రేముల్ని సర్దే లెక్క) మెజారిటీ వైపే మొగ్గుద్ది, బండని గాలికి వదిలేస్తుంది. మళ్ళీ ఆప్టిమైజ్ చేస్తే బండ మీద తేడా మూడు పిక్సెల్స్ దగ్గరికి దిగింది.

మూడు పిక్సెల్స్ ఎక్కువా తక్కువా అనేది ప్రింట్‌ని బట్టి చెప్పాలి. 120 డిగ్రీల వెడల్పు సిలిండ్రికల్ ప్రొజెక్షన్‌లో తీస్తే ఈ లెన్స్‌కి దాదాపు 17,500 పిక్సెల్స్ వస్తాయి. 12 అడుగులంటే 144 అంగుళాలు, అంగుళానికి 121 పిక్సెల్స్ చొప్పున పడుద్ది. మూడు పిక్సెల్స్ అంటే గోడ మీద 0.6 మిల్లీమీటర్. అది కూడా కనపడకూడదని మాస్క్ వాడా. పీటీగుయిలో ఎరుపు పూస్తే ఆ ఫ్రేమ్‌లోంచి ఆ భాగం తీసెయ్యమని, ఆకుపచ్చ పూస్తే కచ్చితంగా ఈ ఫ్రేమ్‌లోదే ఉంచమని. ముందున్న పెద్ద బండ మొత్తం ఒకే ఫ్రేమ్‌లోంచి వచ్చేలా ఆకుపచ్చ పూసి, అతుకు దాని వెనకున్న పొదల్లోకి నెట్టేశా. పొదల్లో అతుకు ఉంటే ఎవరికీ కనపడదు, నున్నటి బండ మీద ఉంటే చిన్న పిల్లాడు కూడా పట్టేస్తాడు. అంచున కూర్చున్న వాళ్ళలో ఒకాయన రెండు ఫ్రేముల్లో రెండు చోట్ల ఉన్నాడు, ఎరుపు పూసి ఒక్క చోటే ఉంచా.

ఇంకో ముఖ్యమైన విషయం, రా ఫైళ్ళని పీటీగుయికి పంపేముందు లైట్‌రూమ్‌లో డెవలప్ చేసి 16 బిట్ టిఫ్‌లుగా తీశా. అప్పుడు వైట్‌బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్, విగ్నెటింగ్ (మూలలు చీకటిపడటం) తప్ప ఏదీ ముట్టుకోకూడదు. హైలైట్స్, షాడోస్, క్లారిటీ స్లైడర్లు ఫొటోలో ఏముందో చూసి దాన్ని బట్టి పనిచేస్తాయి, కాబట్టి అన్ని ఫ్రేములకీ మైనస్ 60 అని ఒకే నంబర్ సింక్ చేసినా ఆకాశం ఎక్కువున్న ఫ్రేమ్‌కి ఒకలా, తక్కువున్న ఫ్రేమ్‌కి ఇంకోలా వస్తుంది, అతికించాక ఆకాశంలో పట్టీలు పడతాయి. చాలామంది ఆ పట్టీలు చూసి స్టిచింగ్ సాఫ్ట్‌వేర్ బాలేదని మార్చేస్తారు, తప్పు మాత్రం దానికి ముందే జరిగి ఉంటుంది. లెన్స్ డిస్టార్షన్ కరెక్షన్ కూడా ఆపేశా, పీటీగుయి ఆ లెక్క సొంతంగా వేసుకుంటుంది.

గండికోట అలా తేలింది. రామప్పలో కథ వేరు.

ములుగు జిల్లా పాలంపేటలో ఉన్న ఈ గుడి కాకతీయుల కాలంది, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో వరల్డ్ హెరిటేజ్ లిస్టులోకి వచ్చింది. రంగమండపం మధ్యలో నల్లరాతి స్తంభాలు, అద్దంలా మెరిసే నునుపు, పైకప్పులో దట్టంగా చెక్కిన బొమ్మలు. తూర్పు, ఉత్తరం, దక్షిణం వైపు ప్రవేశాల్లోంచి బయటి ఎండ కొడుతుంటుంది, లోపల పైకప్పు మూలలు చీకటి. ఎండకి ఎక్స్‌పోజ్ చేస్తే స్తంభాలు బొగ్గు ముక్కలైపోతాయి, స్తంభాలకి చేస్తే ప్రవేశాలు తెల్ల కాగితాలైపోతాయి. ఇక్కడ హెచ్‌డీఆర్ నిజంగా అవసరం. ఇలాంటి ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా పర్మిషన్ తీసుకోవాలి, షూట్ ప్లాన్ చేసేటప్పుడు ఆ టైమ్ కలుపుకోండి.

20 ఎంఎం లెన్స్ నిలువుగా, మూడు పొజిషన్లు, ఒక్కో పొజిషన్‌లో రెండేసి స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కి వెలుతురు రెట్టింపు) తేడాతో అయిదు ఎక్స్‌పోజర్లు. మొత్తం 15 ఫ్రేములు. ఇప్పుడు అసలు ప్రశ్న, ముందు హెచ్‌డీఆర్ చేసి తర్వాత అతికించాలా, ముందు అతికించి తర్వాత హెచ్‌డీఆర్ చెయ్యాలా.

చాలామంది చేసేది ఒక్కో పొజిషన్ అయిదు ఫొటోలని కలిపి టోన్‌మ్యాప్ చేసి (చీకటీ వెలుగూ రెండూ స్క్రీన్ మీద కనపడేలా కుదించి), వచ్చిన మూడు ఫొటోల్ని అతికించడం. ఇది వద్దని గట్టిగా చెప్తా. టోన్‌మ్యాపింగ్ చుట్టుపక్కల వెలుతురు చూసి ఒక్కో చోట ఒక్కోలా పనిచేస్తుంది, మధ్య ఫ్రేమ్‌లో ఎండ పడే ప్రవేశం ఉండి పక్క ఫ్రేమ్‌లో లేకపోతే ఒకే స్తంభం రెండు ఫ్రేముల్లో రెండు రంగుల్లో వస్తుంది. లైట్‌రూమ్‌లో మాత్రం ఈ సమస్య రాదు, ఎందుకంటే అది హెచ్‌డీఆర్ మెర్జ్‌లో టోన్‌మ్యాప్ చెయ్యదు, లీనియర్ డేటానే ఫ్లోటింగ్ పాయింట్ డీఎన్‌జీలో పెడుద్ది, 2018 నుంచి హెచ్‌డీఆరూ పనోరమా రెండూ ఒకే దెబ్బలో చేసే ఆప్షన్ కూడా ఉంది. స్తంభాలు లేని మామూలు గది అయితే నేను దాంతోనే ఆగిపోయేవాణ్ణి.

ఇక్కడ ప్రొజెక్షన్ అడ్డొచ్చింది. 120 డిగ్రీల వ్యూ రెక్టిలీనియర్‌లో (తిన్నని గీతల్ని తిన్నగానే ఉంచే ప్రొజెక్షన్) పెడితే అంచు స్తంభాలు పక్కలకి సాగిపోయి రెట్టింపు లావు కనిపిస్తాయి, సిలిండ్రికల్‌లో పెడితే స్తంభాలు నిటారుగానే ఉంటాయి గానీ నేల రాళ్ళ గీతలూ పైకప్పు దూలాలూ విల్లులా వంగుతాయి. మధ్యస్థంగా ఉండేది పానిని, 18వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పానిని పేరు పెట్టారు, చర్చిల లోపలి బొమ్మలకి ఆయన ప్రసిద్ధి. నిలువు గీతలు నిటారుగా ఉంటాయి, మధ్యలోంచి దూరంగా వెళ్ళే గీతలు కూడా తిన్నగానే ఉంటాయి, అడ్డంగా పోయే గీతలే కాస్త వంగుతాయి. హ్యూగిన్‌లో ఇది పానిని జనరల్ పేరుతో ఉంది, పీటీగుయిలో ఇదే పద్ధతిది వెడుటిస్మో. మండపాలకి, దర్బారు హాళ్ళకి ఇంతకంటే మంచిది నేను చూళ్ళేదు. స్తంభాల అంచుల మీద వర్టికల్ లైన్ కంట్రోల్ పాయింట్లు పెడితే మొత్తం బొమ్మ నిటారుగా నిలబడుద్ది, లెవెల్ బబుల్ చూపించేదానికంటే ఇది కచ్చితంగా ఉంటుంది.

కాబట్టి పీటీగుయిలో జామెట్రీ ఒక్కసారి తేల్చి, ఒక్కో ఎక్స్‌పోజర్ లెవెల్‌కి ఒక పనోరమా చొప్పున అయిదు పనోరమాలు బయటికి తీశా. అయిదూ పిక్సెల్‌కి పిక్సెల్ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. వాటిని ఎన్‌ఫ్యూజ్‌తో కలిపా. ఇది కూడా ఫ్రీ, హ్యూగిన్‌తో పాటే వస్తుంది, 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ రాసిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ పేపర్ మీద ఆధారపడింది. ఇది నడిమధ్యలో హెచ్‌డీఆర్ ఫైల్ తయారుచెయ్యదు. ప్రతి పిక్సెల్ దగ్గర అయిదు ఫొటోల్లో ఏది మధ్యస్థంగా ఎక్స్‌పోజ్ అయింది, దేంట్లో రంగు బాగుంది, దేంట్లో వివరం ఎక్కువుంది అని మార్కులేసి, ఆ మార్కుల ప్రకారం పిరమిడ్ పద్ధతిలో కలిపేస్తుంది. అందుకే టోన్‌మ్యాపింగ్‌లో కనపడే ఆ వెలుగు అంచులు, మురికి పట్టినట్టుండే టెక్స్చర్ చాలా తక్కువ. నల్లరాయి నల్లగానే ఉండాలి, దాన్ని బూడిద రంగు చేసి లోపల ఏముందో చూపించడం ఆ శిల్పానికి అన్యాయం. ఫొటోమ్యాటిక్స్ అనే హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్ కొనమంటారా అని కొందరు అడుగుతారు, అందులో టోన్‌మ్యాపింగ్ శైలులు చాలా ఉన్నాయి, ఫ్యూజన్ కూడా ఉంది, ఇళ్ళ ఇంటీరియర్స్ రోజూ పదుల సంఖ్యలో చేసేవాళ్ళకి బ్యాచ్ కోసం పనికొస్తుంది. నా ఈ పనికి అవసరం పడలేదు.

ఫ్యూజన్‌కి ఒక లోటుంది. ఎండ పడే ప్రవేశాలు కొంచెం చప్పగా వస్తాయి, బయటి ఎండ ఎండలా అనిపించదు. దానికి ఫొటోషాప్‌లో ఫ్యూజ్ అయిన పొర మీద రెండో డార్క్ పనోరమాని పెట్టి, ప్రవేశాల వరకే మాస్క్ చేసి, మెత్తటి బ్రష్‌తో సగం ఒపాసిటీలో తెచ్చుకున్నా. లోపల తిరుగుతున్న భక్తుల ఘోస్ట్‌లు (ఎక్స్‌పోజర్ల మధ్య కదిలినందుకు మిగిలే మసక రూపాలు) కూడా ఇలాగే పోయాయి, ఒక్కొక్కళ్ళకీ ఒక్క ఎక్స్‌పోజర్‌లోంచే శరీరం మొత్తం తీసుకున్నా. ఆటో డీఘోస్ట్ కూడా చేసేది అదే, కాకపోతే ఏ ఎక్స్‌పోజర్ తీసుకోవాలో అది నిర్ణయిస్తుంది, చీకటి ఫ్రేమ్ ఎంచుకుంటే అక్కడ నాయిస్ వస్తుంది.

ఫైల్ సైజులు ముందే లెక్కేసుకోండి. గండికోట ఫైనల్ 17,500 బై 8,750, 16 బిట్‌లో ఒక్క పొరే 900 ఎంబీ దాటుద్ది, పొరలతో 4 జీబీ దాటితే టిఫ్ ఒప్పుకోదు, పీఎస్‌బీలో (ఫొటోషాప్‌లో పెద్ద ఫైళ్ళ ఫార్మాట్) సేవ్ చెయ్యాలి. ప్రింట్ చేసేవాళ్ళకి ఫ్లాటెన్ చేసి 8 బిట్ టిఫ్ ఇచ్చా. మొత్తం ప్రింట్‌కి ముందు బండ దగ్గరి అతుకు ఉన్న రెండు అడుగుల ముక్కనీ, మండపంలో ప్రవేశం పక్క స్తంభం ముక్కనీ అసలు సైజులో టెస్ట్ ప్రింట్ తీయించి గోడకి పెట్టి చూశాం. బండ ముక్క అలాగే ఓకే అయింది. స్తంభం ముక్కలో నీడ స్క్రీన్ మీద కనిపించినదానికంటే బాగా ముదిరింది, కర్వ్‌లో కింది భాగం కొద్దిగా పైకి లేపి మళ్ళీ తీయించి, అది చూశాకే రెండు ఫైళ్ళూ ఫైనల్ ప్రింట్‌కి పంపించా.